కనీస వేతనం పెంపు: కూలీ చేతికి చేరేదెంత, దారిలో పోయేదెంత

ప్రశ్న ఇది: కనీస వేతనం పెంచితే తక్కువ కూలికి పనిచేసేవాళ్లకు నిజంగా మేలు జరుగుతుందా, లేక యజమానులు మనుషుల్ని తగ్గించి ఉన్న పనికే ఎసరు పెడతారా? గోదావరి డెల్టాలో వరి పొలాలు, రొయ్యల షెడ్లు, మిల్లులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ మూడింటినీ ముందు పెట్టుకుని చెబుతాను.

ముందు జవాబు చెప్పేస్తాను. రేటు ఎంతన్నది యజమాని ఒక్కడే తేల్చేచోట, అంటే మిల్లు, షెడ్డు, బట్టల కొట్టు, ప్రైవేటు ఆసుపత్రి, ఔట్‌సోర్సింగ్ కొలువు లాంటి చోట, పెంపు వల్ల మేలే ఎక్కువ. ఊడే ఉద్యోగాలు భయపెట్టినంత ఉండవు. ఊడ్పులు, కోతల్లాంటి పొలం పనుల్లో మాత్రం సర్కారు రేటు మారినా కూలీకి పెద్దగా తెలియదు. సీజన్ ముదిరితే ఊళ్లో నడిచే రేటు దాన్ని దాటిపోతుంది. ఇక కిలోకింత, వెయ్యికింత, బస్తాకింత అని చేసే పనుల్లో పెంపు జీవోలో కనబడుతుంది, చేతికి రాదు. వాదనలన్నీ మొదటి రెండింటి చుట్టూ తిరుగుతాయి గానీ, నా లెక్కలో డబ్బు ఎక్కువగా జారిపోయేది ఈ మూడోదాంట్లోనే.

ఆర్థికశాస్త్రం పాఠ్యపుస్తకం చెప్పేది తేలిక: సరుకు ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, కూలి పెరిగితే పనికి పిలిచేవాళ్లు తగ్గుతారు. ఈ మాట నిలబడాలంటే కూలీకి పది గుమ్మాలు తెరిచి ఉండాలి. ఊరికి వచ్చే కంపెనీ బస్సు ఒక్కటే అయినప్పుడు, ఆ బస్సు ఎక్కడమా ఇంట్లో కూర్చోవడమా అన్నదే బేరం. అలాంటి చోట యజమాని మనిషి తెచ్చిపెట్టే విలువకంటే బాగా తక్కువే ఇస్తుంటాడు. రేటు కొంత పెంచినా ఆ మనిషిని ఉంచుకోవడమే అతనికి లాభం. అమెరికాలో 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పోల్చి చూసి, పెంచినచోట పని తగ్గిన ఆనవాలు లేదని 1994లో రాశారు. అలాగని ఎంత పెంచినా ఏమీ కాదనుకోవద్దు. అమెరికాలోనే సియాటిల్ నగరంలో రేటు గంటకు 13 డాలర్లకు చేరినప్పుడు తక్కువ జీతగాళ్ల పనిగంటలు తగ్గాయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. అప్పటిదాకా నడుస్తున్న రేటుకు ఎంత ఎత్తున కొత్త రేటు పెట్టారన్నదే తేడా. ఇంకోటి గమనించండి: అక్కడ ముందు తగ్గింది గంటలు. మన దగ్గరా అంతే, మనిషిని తీసేయరు, వారానికి ఆరు రోజులు పిలిచేది నాలుగు రోజులే పిలుస్తారు.

మనకు దగ్గరి రుజువు కావాలంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఉపాధి హామీ డబ్బులు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతిని 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించి అమలు చేశారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ దాని ఫలితాలు లెక్కగట్టారు. పథకం సరిగ్గా నడిచిన మండలాల్లో లబ్ధిదారుల కుటుంబ ఆదాయం 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం ఉపాధి హామీ డబ్బు కాదు, బయట దొరికిన కూలి. అంటే నిజంగా వెళ్లగలిగే ఇంకో పని ఉందని తెలిసేసరికి బయట కూలి రేటు పెరిగింది. పని తగ్గకపోగా పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఈ పెరుగుదల ఇంకా ఎక్కువ. ఆ 8 జిల్లాల్లో ఉభయగోదావరులు లేవు. కాబట్టి అంకెల్ని ఎత్తి డెల్టాలో పెట్టకూడదు. కానీ కూలీకి బలం ఎక్కడినుంచి వస్తుందో అది చూపించింది: జీవో కంటే, కాదని వెళ్లిపోవడానికి ఇంకో చోటు ఉండటం. కోనసీమ ఆడవాళ్లకు కువైట్ ఆ చోటు. కుర్రాళ్లకు హైదరాబాద్.

ఇప్పుడు పొలాలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. కేంద్రం 2017లో దేశమంతటికీ సలహాగా చెప్పిన కనీస స్థాయి 176. ఊడ్పుల కాలంలో ఈ రెండు అంకెలూ ఎవరికీ గుర్తుండవు. ఎకరానికి ఇంత అని జట్టు గుత్తకు మాట్లాడుకుంటుంది, చాలకపోతే బెంగాల్ నుంచి జట్లు దిగుతాయి. ఇక్కడ కూలీ కష్టం రేటు కాదు, రోజులు. సార్వా (ఖరీఫ్) ఊడ్పులు, కలుపులు, కోతలు, మళ్లీ దాళ్వా (రబీ) ఊడ్పులు, అన్నీ కలిపినా చేతినిండా పని ఉండేది ఏడాదిలో కొన్ని నెలలే. కోతలు యంత్రానికి పోయాక అది ఇంకా తగ్గింది. చేత్తో అయితే ఎకరం కోతకే పది పన్నెండు మంది, పైన మోపులు కట్టి కుప్ప వేసి నూర్చడానికి వేరే మనుషులు కావాలి. యంత్రం గంట, గంటన్నరలో గింజ చేతికిస్తుంది. యంత్రం రావడానికి కనీస వేతనం కారణమని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తుపాను రాకముందే పంట ఒబ్బిడి చేసుకోవాలన్న తొందర, ఒకేసారి అందరి చేలూ కోతకు రావడం, రబ్బరు గొలుసుల యంత్రాలు బురదలో కూడా దిగగలగడం పెద్ద కారణాలు. గాలివానకు చేను పడిపోతే యంత్రం పని గంట కాస్తా రెండు మూడు గంటలవుతుంది. అప్పుడు మళ్లీ మనుషులకు పిలుపు, అదీ ఆ వారం రేటుకే.

పొలంలో పెంపు ఎవరి జేబులోంచి వస్తుందన్నది అసలు చూడాల్సింది. డెల్టాలో సాగు చాలావరకు కౌలు రైతుది. పోలికకు ఒక సార్వా ఎకరం వేద్దాం. 75 కిలోల బస్తాలు 28 పండాయనుకోండి, 21 క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాకు 2,369. మొత్తం 49,749 రూపాయలు. శిస్తు, అంటే భూమి యజమానికి ఇచ్చే కౌలు, 12 బస్తాలు కొలిస్తే 21,321 పోయి 28,428 మిగిలింది. దుక్కి, ఎరువు, మందు, యంత్రం కలిపి 16,000 అనుకుందాం. 20 మంది కూలీలు 400 చొప్పున 8,000. చివరికి మిగిలింది 4,428. కూలి 500 చేస్తే అది 2,428కి పడుతుంది. కూలి పెరిగింది 25 శాతం, కౌలు రైతు మిగులు తరిగింది 45 శాతం, భూమి యజమాని శిస్తు గింజ కూడా తగ్గలేదు. ఆ కౌలు రైతు భార్యే పక్క చేలో కలుపుకు వెళుతుంటుంది. అందుకే పొలం కూలి పెంపును శిస్తుతో, మద్దతు ధర అమలుతో కలపకుండా మాట్లాడితే పేదవాడి జేబులోంచి తీసి ఇంకో పేదవాడికి ఇచ్చినట్టవుతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూలీల కొరతను, ఉపాధి హామీని గట్టిగా తిట్టారు. కానీ వాళ్ల కోర్కెల్లో మద్దతు ధర, పూడిపోయిన మురుగు కాలువలు కూడా ఉన్నాయి. ఆ ఏడు సాధారణ రకం ధర క్వింటాకు 1,080. నాలుగు కారణాల్లో ఒకటే జనానికి గుర్తుండిపోయింది.

మధ్యలో ఒక మాట చెప్పుకోవాలి. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో తెచ్చిన కొత్త చట్టం ఏడాదికి 125 రోజుల పని అంటూనే, విత్తు కోత కాలాల్లో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపే వీలు పెట్టింది. డెల్టాలో ఉపాధి పనులు ఎటూ కాలువలు కట్టేసిన వేసవిలోనే ఎక్కువ. కాబట్టి రోజుల లెక్కలో తేడా తక్కువే. బేరంలో తేడా మాత్రం ఉంటుంది.

ఇక షెడ్లు. ఇక్కడ ఆగి చూడాలి. భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్రాసెసింగ్‌లో తల తీయడం, పొట్టు ఒలవడం ఎక్కువగా ఆడవాళ్ల పని. మేస్త్రీ తీసుకొస్తాడు, కూలి చాలాచోట్ల కిలో లెక్క. కిలో లెక్కలో మోసం దాగేది కౌంట్‌లో. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకు 100. నిమిషానికి 12 తలలు తీసే మనిషి గంటకు 720 తీస్తుంది. 30 కౌంట్ సరుకైతే అది 24 కిలోలు, 100 కౌంట్ అయితే 7.2 కిలోలే. రేటు రెండింటికీ కిలోకు 3 రూపాయలే అనుకోండి: 8 గంటలకు మొదటిదానికి 576 రూపాయలు, రెండోదానికి 172 రూపాయల 80 పైసలు. మనిషి అదే, చేతులు అవే, కష్టం అదే. రోజు కనీస వేతనం 450 అనుకుంటే, దాన్ని అందుకోవాలంటే 30 కౌంట్‌కు కిలో రేటు 2.34 చాలు, 100 కౌంట్‌కు 7.81 కావాలి. కాబట్టి షెడ్డులో అడగాల్సింది ‘కిలోకు ఎంత పెంచారు’ అని కాదు, ‘ఏ కౌంట్‌కు ఎంత’ అని. ఒక్క రేటే పెట్టి పెంచాం అంటే, చిన్న సరుకు వచ్చిన రోజు ఆ పెంపు లేనట్టే.

తూకం ఎప్పుడన్నదీ అంతే ముఖ్యం. తల తీస్తే బరువులో మూడో వంతు దాకా పోతుంది. ఇచ్చిన సరుకు తూకానికా, తీసిన తర్వాత తూకానికా అన్నదాన్ని బట్టి కూలి ఆ మేరకు మారుతుంది. ఇంకా నష్టం చేసేది ఎదురుచూపు. బస్సు తెల్లవారకముందే ఎక్కిస్తుంది, లారీ పదింటికి వస్తుంది. మధ్యలో గంటలకు కిలోలు లేవు, కూలి లేదు. చట్టం ప్రకారం కిలోకింత, బస్తాకింత అని చేసే మనిషికి కూడా కనీస వేతన హామీ ఉంది, సరుకు రాకపోవడం యజమాని చూసుకోవాల్సిన సంగతి. కనీస వేతనం పెరగ్గానే షెడ్డు మొదట చేసే పని మనుషుల్ని తీసేయడం కాదు: గంటకు ఇన్ని కిలోలు తీయాల్సిందే అని లక్ష్యం పెంచడం, హాజరు రాసే సమయాన్ని లారీ వచ్చిన సమయానికి జరపడం, పేర్లను కంపెనీ పుస్తకంలోంచి మేస్త్రీ పుస్తకంలోకి మార్చడం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినట్టు బయటి దెబ్బ తగిలిన కాలంలో ఇవన్నీ ఇంకా తేలిక, ఎందుకంటే కూలీలు షిఫ్టు దొరికితే చాలనే స్థితిలో ఉంటారు.

మిల్లుల సంగతి త్వరగా చెప్పొచ్చు. మొత్తం ఖర్చులో కూలి వాటా నూటికి 5 అయితే, కూలి 20 శాతం పెంచినా ఖర్చు పెరిగేది 1 శాతం. వడ్ల ధర, తేమ శాతం, కరెంటు బిల్లు ఒక్క నెలలో అంతకంటే ఎక్కువ ఊగుతాయి. అక్కడ ‘మూసేయాల్సి వస్తుంది’ అన్న మాట నమ్మొద్దు. ‘కనీస వేతనం ఇచ్చుకోలేను’ అన్నది చట్టం ముందు జవాబే కాదని 1961లో ఉన్నిచోయీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించుకునేది వెట్టి కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో తేల్చింది. మిల్లులో చిక్కు హమాలీ జట్టుతో వస్తుంది. ‘వాళ్లు మా మనుషులు కారు, బస్తా లెక్కన వచ్చి పోతారు’ అంటారు. కొబ్బరి దింపు, వలుపు పనులదీ ఇదే వరస. ఎన్ని కాయలు ఒలిస్తే ఒక రోజు పని అన్న ప్రమాణం రాసుకోకుండా వెయ్యికింత అని ఒప్పుకుంటే తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేది వేతనం కాదు, గౌరవ వేతనం అన్న పేరుతో కనీస వేతన చట్రం బయటే పెట్టారు. 2023 డిసెంబరులో మొదలైన వాళ్ల సమ్మె 40 రోజులు దాటడానికి మూలాల్లో అదీ ఒకటి.

నెల జీతంలో పెంపు వచ్చినవాళ్లు చీటీ ఇలా చదవండి. వెయ్యి పెరిగితే పీఎఫ్ 12 శాతం కింద 120, ఈఎస్ఐ 0.75 శాతం కింద 7.50 కోత. చేతికి 872.50. యజమానికి పీఎఫ్, దాని ఖర్చులు 130, ఈఎస్ఐ 3.25 శాతం కింద 32.50 కలిసి 1,162.50 పడుతుంది. కోత పడిందని పీఎఫ్ వద్దనుకునేవాళ్లు ఉన్నారు, యజమాని పీఎఫ్ వాటాగా కట్టే 120 రూపాయలు కూడా తమవేనని మరిచిపోతారు. మధ్యలో జరిగే మాయ ఇది: బేసిక్, కరువు భత్యం తక్కువ పెట్టి, మిగతాది ‘ప్రత్యేక అలవెన్సు’గా చూపించి పీఎఫ్ తగ్గించడం. 2025 నవంబరు 21 నుంచి పాత కనీస వేతనాల చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనం కిందే లెక్క. బోనస్‌నూ చూడండి. లెక్కకు తీసుకునేది 7,000 లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే అది. కనీస వేతనం పెరిగితే 8.33 శాతం బోనస్ కూడా దానంతటదే పెరగాలి. చాలా కొట్లలో పాత 7,000 మీదే కడుతుంటారు.

రోజు కూలిని నెల రేటు నుంచి తీసేటప్పుడు 26తో భాగించాలి, 30తో కాదు. నెలకు 12,000 అయితే రోజుకు 461.54. 30తో భాగిస్తే 400 వస్తుంది. ఆ లెక్కన 26 రోజులు పనిచేసిన మనిషికి 10,400 ఇచ్చి పూర్తి జీతం ఇచ్చామంటారు. 8 గంటలు దాటిన పనికి రెట్టింపు. ఆడవాళ్లకో రేటు, మగవాళ్లకో రేటు అన్నది ఒకే రకం పనికి చెల్లదు. డెల్టాలో పనుల్నే విడగొట్టి (ఊడ్పు, కలుపు ఆడవాళ్లకు, మోత, మందు కొట్టడం మగవాళ్లకు) దీన్ని దాటేస్తున్నారు.

తక్కువ ఇస్తే ఏం చేయాలి? పాత 1948 కనీస వేతనాల చట్టంలో 6 నెలల్లో అర్జీ పెట్టాలి. కోడ్‌లో గడువు 3 ఏళ్లు. బకాయితో పాటు పదింతల దాకా పరిహారం వేయొచ్చు, 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా రాశారు. ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. కానీ ఆ రోజు మీరు అక్కడ పనిచేశారని ముందు మీరే చూపించాలి. అందుకని రోజూ నోటు పుస్తకంలో తేదీ, వెళ్లిన సమయం, లారీ వచ్చిన సమయం, కౌంట్, కిలోలు, వదిలిన సమయం రాసుకోండి. ఫోన్‌లో వేసిన డబ్బు వివరాలు, మేస్త్రీ పంపిన వాట్సాప్ సందేశాలు, బస్సులో దిగిన ఫొటో తేదీతో సహా దాచండి. నగదు తీసుకుంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పేజీలో అంకె వేసి సంతకాలు పెట్టుకోండి. ఒక్కరే అర్జీ పెడితే మర్నాడు బస్సు ఆగదు. పదిమంది కలిసి, లేదా యూనియన్ పేరుతో పెట్టొచ్చు. మొదట సహాయ కార్మిక అధికారి దగ్గరికి వెళ్లి, మీ పనికి, మీ తరగతికి ప్రస్తుతం నోటిఫై అయిన బేసిక్ ఎంత, కరువు భత్యం ఎంత అని రాతపూర్వకంగా అడగండి. భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. పాత కాగితం పట్టుకుని లెక్క వేస్తే మీరే తక్కువ అడిగినవాళ్లవుతారు. అర్జీలో మేస్త్రీ పేరొక్కటే రాయొద్దు, సంస్థ యజమాని పేరూ రాయండి. మేస్త్రీ కట్టకపోతే బాధ్యత సంస్థ యజమానిదే.

కోడ్‌లో ఒక మెలిక ఉంది. మొదటిసారి తక్కువ ఇచ్చి పట్టుబడిన యజమానికి సరిదిద్దుకునే గడువు ఇచ్చాకే కేసు. గడువులోపు కట్టేస్తే 50,000 దాకా పడే జరిమానా కూడా ఉండదు. అయిదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే ఆ గడువు లేదు, నేరుగా కేసే. నేరం రెండోసారి రుజువైతే జైలు 3 నెలల దాకా, జరిమానా లక్ష దాకా, రెండూ కూడా పడొచ్చు. కాబట్టి మొదటిసారి డబ్బు వచ్చేసిందని అర్జీని నోటిమాటతో వెనక్కి తీసుకోవద్దు. తనిఖీ అధికారి ఇచ్చిన నోటీసు నకలు, కట్టిన బకాయి రసీదు, రెండూ అడిగి తీసుకుని దాచండి. రెండోసారి అవి లేకపోతే అదీ మొదటిసారే అవుతుంది.